సైకిల్ చైన్‌కి నూనె బదులు మైనం: ఇంట్లోనే పట్టించడం ఎలా

ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ శివార్లలోని గండిపేట దాకా తొక్కి ఇంటికి వచ్చాక, చెమట తుడుచుకునే ముందు చైన్ మీద బొటనవేలితో ఒకసారి రుద్దండి. నల్లటి జిగురు అంటుకుంటుంది. దాన్ని చూపుడువేలితో కలిపి నలపండి. గరగరలాడుతుంది. నూనె గరగరలాడదు కదా! అది కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న టవర్ల దగ్గర టిప్పర్ల వెనకాల ఎగిరే రాతిపొడి. నూనెలో పడి ముద్దయిన రాతిపొడికీ, ఇంజిన్ వాల్వులు నూరడానికి మెకానిక్కులు వాడే పేస్టుకీ పెద్ద తేడా లేదు. ప్రేమగా నూనె వేసి, ఆ నూనెతోనే చైన్‌ని అరగదీస్తున్నామన్నమాట.

నేను మణికొండలో ఉంటాను. వారానికోసారి నూనె వెయ్యడం, పాత బనియన్‌తో తుడవడం, ప్యాంటు అంచుకి నల్లమరక తెచ్చుకోవడం చాలాకాలం చేశాను. తర్వాత మైనానికి మారాను. మైనం అంటే కొవ్వొత్తి మైనమే, పారఫిన్. కరిగించి, అందులో చైన్‌ని ముంచి తీస్తే, చల్లారాక అది గట్టిపడి పొడిగా ఉంటుంది. దుమ్ము పడినా అంటుకోదు, రాలిపోతుంది. కష్టమంతా మొదటిసారే. ఆ మొదటిసారి ఓపిక పట్టకపోతే మొత్తం వృథా. అందుకే కింద చెప్పేదాంట్లో సగానికి సగం మైనం గురించి ఉండదు, కడగడం గురించే ఉంటుంది.

చైన్‌లో అరిగేది ఎక్కడ

చైన్‌ని చేతిలోకి తీసుకుని ఒక్క లింకుని దగ్గరగా చూడండి. అటూ ఇటూ రెండు ప్లేట్లు, మధ్యలో రోలర్, రోలర్ లోపలి నుంచి వెళ్ళే పిన్ను. పెడల్ తొక్కుతున్నప్పుడు ప్రతి లింకూ ముందున్న పళ్ళచక్రం ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి, వెనక కూడా అలాగే, వంగి లేస్తుంది. ఆ వంగేటప్పుడు పిన్ను లోపల తిరుగుతూ రాసుకుంటుంది. నూనె గానీ మైనం గానీ కావలసింది అక్కడే. బయట ప్లేట్ల మీద మెరిసే నూనెతో పనేమీ లేదు, దుమ్ముకి ఆహ్వానం తప్ప.

'చైన్ సాగింది సార్, మార్చాలి' అంటారు షాపులో. ఇనుము సాగదు. పిన్నులు అరిగి, ప్రతి జాయింటు దగ్గరా వెంట్రుకవాసి వదులొస్తే, అవన్నీ కలిసి చైన్ పొడవు పెరుగుతుంది. ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. అరిగిందో లేదో తెలుసుకోవడానికి పరికరమే అక్కర్లేదు, బడిపిల్లల స్కేలు చాలు. చైన్ బిగుతుగా ఉండగా ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకులు లెక్కపెట్టి కొలవండి. కొత్త చైన్ అయితే సరిగ్గా 12 అంగుళాలు వస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చిందంటే అర శాతం అరిగింది. వెనక 11, 12 గేర్లున్న సైకిల్ అయితే ఇక మార్చెయ్యాలి. తక్కువ గేర్లున్నవాటికి ముప్పావు శాతం దాకా ఆగవచ్చు. ఇలా అరిగిపోయిన చైన్‌కి మైనం పట్టించాలని కూర్చోకండి. కొత్తది కొని దానితోనే మొదలుపెట్టండి. క్యాసెట్ (వెనక చక్రానికి ఉండే గేర్ల పళ్ళచక్రాల గుత్తి) ధర చైన్ కంటే ఎక్కువ. అరిగిన చైన్ దాన్ని కూడా తినేస్తుంది.

ఇంకో మాట. చైన్‌కి నిండుగా కవరున్న మామూలు సైకిళ్ళకి, అంటే పాలవాళ్ళూ పేపర్‌వాళ్ళూ తొక్కే బరువైన నల్ల సైకిళ్ళకి, ఈ తతంగం అనవసరం. అక్కడ దుమ్ము అంతగా తగలదు, నూనే మంచిది. ఇది గేర్ల సైకిల్ ఉండి, వారానికి వంద కిలోమీటర్లు అటూ ఇటూ తొక్కేవాళ్ళ కోసం.

ఏమేం కావాలి

అరకిలో పారఫిన్ మైనం. కొవ్వొత్తులు చేసేవాళ్ళకి సామాన్లమ్మే షాపుల్లో దొరుకుతుంది. బేగంబజార్‌లో వెతికితే పలకలుగానో, చిన్న పూసలుగానో ఇస్తారు. 'ఫుల్లీ రిఫైన్డ్' అని అడగండి. 58-60 అనో 60-62 అనో ఒక అంకె చెప్తారు, అది ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో చెప్పే అంకె. మన ఎండలకి ఈ రెండిట్లో ఏదైనా సరే. నూనె శాతం ఎక్కువున్న నాసిరకం మైనం మే నెలలో ఎండలో నిలబెట్టిన సైకిల్ మీద జిగటగా తయారవుతుంది. రంగు కొవ్వొత్తులు, సువాసన కొవ్వొత్తులు కరిగించవద్దు. అందులో ఏం కలిపారో తెలియదు. తేనె మైనం కూడా వద్దు, అది స్వభావరీత్యా జిగురు. ఒక మంచి చైన్ ఆయిల్ చిన్న సీసాకి పెట్టే డబ్బుతో మైనం కిలో దాకా వచ్చేస్తుంది, ఏడాది గడిచిపోతుంది.

కొంతమంది ఇందులో టెఫ్లాన్ పొడి, మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి కలుపుతారు. నేను కలపను. ఉత్త మైనమే మనకి కావలసిన పనిలో అధికభాగం చేస్తుంది. మిగిలిన కాస్త కోసం పొడులు వెతుక్కోవడం రేసులు కొట్టేవాళ్ళ సంగతి. మైనం మరీ పెళుసుగా రాలిపోతోందనిపిస్తే మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ అరకిలోకి రెండు మూడు చెంచాలు కలపవచ్చు. చలికాలంలో అయితే ఫరవాలేదు. ఎండాకాలం మాత్రం మానెయ్యండి.

కడగడానికి పెయింట్ షాపులో టర్పెంటైన్ ఒక లీటరు, చివరి కడుగుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అరలీటరు. ఈ రెండోది సర్క్యూట్ బోర్డులు తుడవడానికి ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపుల్లో అమ్ముతారు. కోఠి గుజరాతీ గల్లీ వైపు వెళ్ళే పనుంటే అక్కడ అడగండి. కిరోసిన్ దొరికితే టర్పెంటైన్ బదులు వాడవచ్చు గానీ, అది కాస్త నూనె పొర వదిలి వెళ్తుంది, కాబట్టి చివరి కడుగు తప్పనిసరి. పెట్రోల్ వద్దు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్రోల్ మూత తీసి పెట్టుకుని కూర్చునే సాహసం చైన్ కోసం చెయ్యక్కర్లేదు.

కరిగించడానికి రెండు దారులు. ఒకటి, బ్యూటీ పార్లర్లలో వాక్సింగ్‌కి వాడే చిన్న హీటర్. వేడి తగ్గించుకునే నాబ్ ఉంటుంది, మంట ఉండదు. బేగంబజార్ వెళ్ళినప్పుడు మైనంతోపాటు ఇదీ తెచ్చుకోవచ్చు. రెండోది, ఒక పెద్ద గిన్నెలో నీళ్ళు, అందులో చిన్న గిన్నెలో మైనం. ఏ దారి అయినా ఆ గిన్నె ఇక వంటకి పనికిరాదు. మొదటిసారి నేను మా అమ్మ పాలగిన్నె తీసుకున్నాను, కడిగేస్తే పోతుందిలే అనుకుని. పోలేదు. మర్నాడు పాలల్లో తెల్లటి పొర తేలింది. మీగడ అనుకుని అమ్మ చెంచాతో తీసి నాలుక మీద వేసుకుంది. 'ఏంట్రా ఇది, నోట్లో అంటుకుపోతోంది' అన్నాక చెప్పక తప్పలేదు. పాత సామాన్ల షాపులో ఒక మూతున్న స్టీలు గిన్నె కొనుక్కోండి.

ఇంకా: పాత స్పోక్ ఒకటి (కొక్కెంలా వంచడానికి), పచ్చళ్ళు పెట్టే గాజు సీసా, పాత గుడ్డలు, వంటింటి థర్మామీటర్ ఉంటే మంచిది, లేకపోయినా జరుగుతుంది.

చైన్ విప్పడం

విప్పే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. వెనక డిరైలర్‌లో (గేర్లు మార్చే అమరికలో) చైన్ ఏ చక్రం మీదుగా ఎటు తిరిగి వెళ్తోందో స్పష్టంగా కనపడాలి. 'ఇదేముంది, గుర్తుంటుంది' అనుకుంటాం. తిరిగి వేసేటప్పుడు మధ్యలో ఉన్న చిన్న తగరం రేకుకి అవతలి నుంచి వేసి, టకటక శబ్దంతో అరగంట తల పట్టుకుంటాం.

గేర్ల సైకిళ్ళలో చాలావాటికి చైన్ విప్పి కలపడానికి క్విక్ లింక్ అని ఒకటి ఉంటుంది. మిగతావాటికంటే కొంచెం వేరుగా కనపడే లింకు అదే. దానికి ప్రత్యేకమైన ప్లయర్ వస్తుంది. అది లేకపోతే బూటు లేసు తీసుకుని క్విక్ లింక్‌కి అటొక రోలర్, ఇటొక రోలర్ వెనక నుంచి పోనిచ్చి, రెండు కొసలూ ఒడిసిపట్టి గట్టిగా లాగండి. రెండు సగాలూ దగ్గరికొచ్చి టక్కున ఊడుతుంది. 11, 12 గేర్ల చైన్లలో కొన్ని కంపెనీలు క్విక్ లింక్‌ని ఒక్కసారే వాడమంటాయి. మళ్ళీ మళ్ళీ వాడుకోగలిగే రకాలు కూడా అమ్ముతారు, మైనానికి మారేవాళ్ళు అలాంటిది కొనుక్కుంటే హాయి. అసలు క్విక్ లింకే లేకపోతే, షాపులో చైన్ కట్టర్‌తో ఒక పిన్ను తీయించి, మీ చైన్‌కి సరిపడే క్విక్ లింక్ వేయించుకోండి.

ఒకే గేరున్న సైకిల్‌కి క్లిప్పు ఉన్న చైన్ లాక్ ఉంటుంది. క్లిప్పుని స్క్రూడ్రైవర్‌తో నెట్టేటప్పుడు పైన వేలు అడ్డం పెట్టండి, లేకపోతే ఎగిరి ఎక్కడో పడి, చీపురు పట్టుకుని వెతకాల్సి వస్తుంది.

కడగడం: అసలు పని ఇదే

కొత్త చైన్ కదా, కడగడం దేనికి అంటారేమో. కొత్త చైన్‌కే ఎక్కువ కడగాలి. ఫ్యాక్టరీలో తుప్పు పట్టకుండా చిక్కటి గ్రీజు పట్టించి పంపుతారు. ఆ గ్రీజు పిన్నుల లోపల ఉంటే మైనం లోపలికి వెళ్ళదు, వెళ్ళినా పట్టుకోదు. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే. కొత్త చైన్‌ని పైపైన గుడ్డతో తుడిచి మైనంలో ముంచాను. రెండో రోజుకే కిర్రుకిర్రు మొదలైంది. మైనం మీద తప్పు మోపి మళ్ళీ నూనెకి పోబోయాను కూడా.

చైన్‌ని గాజు సీసాలో వేసి, మునిగేంత టర్పెంటైన్ పోసి మూత బిగించండి. రెండు నిమిషాలు ఊపండి. పావుగంట వదిలేసి మళ్ళీ ఊపండి. నూనె పట్టిన పాత చైన్ అయితే మొదటి టర్పెంటైన్ డికాషన్‌లా అయిపోతుంది. దాన్ని వేరే సీసాలో ఒంపి, కొత్తది పొయ్యండి. ఇలా మూడుసార్లు, బాగా మురికిదైతే నాలుగుసార్లు. సీసాలో టర్పెంటైన్ ఊపిన తర్వాత కూడా తేటగా, అవతల ఉన్న పేపర్‌లో అక్షరాలు చదవగలిగేలా ఉంటే అప్పుడు ఆపండి.

తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు. టర్పెంటైన్ వదిలిన సన్నటి పొరని ఇది తీసేస్తుంది. ఇదయ్యాక చైన్‌ని రెండు కొసలూ పట్టుకుని చెవి దగ్గర ఊపి చూడండి. నూనె ఉన్న చైన్ మెత్తగా, మొద్దుగా శబ్దం చేస్తుంది. లోపల నిజంగా శుభ్రమైన చైన్ చిన్నపిల్ల పట్టీల్లాగ గలగలమంటుంది. తెల్లగుడ్డలో పెట్టి గట్టిగా లాగినా గుడ్డ మాయకూడదు. ఈ రెండు పరీక్షలూ నెగ్గేదాకా పొయ్యి జోలికి వెళ్ళకండి.

చింతపండుతో ఇత్తడి తోమినట్టు చైన్‌ని కూడా తోముదామని, నిమ్మరసంలో నానబెడదామని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. పులుపు ఇనుముని తింటుంది, గట్టి ఉక్కుని పెళుసు కూడా చేస్తుంది. సబ్బునీళ్ళు కూడా ఇప్పుడు వద్దు. అరగంటలో ఎర్రటి తుప్పు మచ్చలు వస్తాయి.

ఈ పనంతా బాల్కనీలో, వంటింటికి దూరంగా చెయ్యండి. అగరుబత్తి కూడా వెలిగించి ఉండకూడదు. నల్లబడిన టర్పెంటైన్‌ని సింకులో పోయవద్దు. మూత పెట్టి రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే బురద అడుగుకి దిగుతుంది. పైన తేటని ఒంపుకుని వచ్చేసారి మొదటి కడుగుకి వాడుకోండి.

చైన్‌ని తీగ మీద బట్టలా ఆరేసి ఒక గంట వదిలెయ్యండి. ఈలోగా సైకిల్ దగ్గర పనుంది. ముందు పళ్ళచక్రం, వెనక క్యాసెట్, డిరైలర్‌లో ఉన్న రెండు చిన్న చక్రాలు, వీటన్నిటికీ పాత నూనె బురద పట్టి ఉంటుంది. టర్పెంటైన్ గుడ్డతో తుడవండి. క్యాసెట్ పళ్ళ సందుల్లోకి గుడ్డని తాడులా మెలిపెట్టి దూర్చి అటూ ఇటూ లాగితే వచ్చేస్తుంది. డిస్క్ బ్రేకులు ఉంటే వాటి మీద చుక్క పడకుండా చూసుకోండి. ఇది వదిలేస్తే మైనం చైన్ వేసిన మొదటిరోజే పాత నూనె అంటుకుని మళ్ళీ నల్లగా అవుతుంది.

కరిగించడం

పార్లర్ హీటర్ అయితే మైనం వేసి నాబ్ తిప్పడమే. గిన్నె పద్ధతి అయితే పెద్ద గిన్నెలో సగం దాకా నీళ్ళు, అందులో మైనం గిన్నె. మైనం గిన్నెని నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టకండి. మైనం మరిగినట్టు కనపడదు, నీళ్ళలా చెప్పి చెయ్యదు. వేడెక్కుతూ పోయి, పొగ వచ్చి, 200 డిగ్రీలు దాటాక ఆవిరికి మంట అంటుకోవచ్చు. నీళ్ళ గిన్నెతో ఆ బాధ లేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల దాకా ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. లోపలి మైనం అంతకు మించి వేడెక్కలేదు. మనకి కావలసింది 90 ప్రాంతం, కాబట్టి సరిగ్గా సరిపోయింది.

రెండు జాగ్రత్తలు. మూత చేతికందేలా ఉండాలి. ఎప్పుడైనా మంట అంటుకుంటే మూత పెట్టి స్టవ్ ఆపాలి, నీళ్ళు మాత్రం చల్లకూడదు. రెండోది, మైనంలోకి నీటి చుక్క పడకూడదు. కాగే నూనెలో తడి మిరపకాయ వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు, పార్లర్ హీటర్‌లో మైనం వంద డిగ్రీలు దాటి ఉంటే ఇక్కడ కూడా అంతే. బయట నీళ్ళు తెర్లకుండా మంట సన్నగా పెట్టండి. పిల్లలు, పిల్లి ఎవరూ చుట్టుపక్కల లేకుండా చూసుకోండి.

ముంచడం

చైన్‌ని చుట్టగా చుట్టి, స్పోక్ కొక్కేనికి తగిలించి, నెమ్మదిగా మైనంలోకి దించండి. ఇక్కడ ఒక నిమిషం కూర్చుని చూడండి, ఈ పనిలో నాకు ఇష్టమైన భాగం ఇదే. చల్లటి చైన్ తగలగానే దాని చుట్టూ ఉన్న మైనం గడ్డకట్టి తెల్లగా అవుతుంది. మూడు నాలుగు నిమిషాల్లో ఆ తెలుపు మళ్ళీ కరుగుతుంది. అప్పుడు మొదలవుతాయి బుడగలు. గోలీసోడా కొట్టినప్పుడు అడుగు నుంచి వరసకట్టి లేచే సన్నటి బుడగల్లా, ప్రతి రోలర్ పక్క నుంచీ ఒక్కొక్కటే పైకి వస్తాయి. ఆ బుడగ పిన్ను చుట్టూ ఉన్న గాలి. గాలి ఖాళీ చేసిన చోటికి మైనం వెళ్తోంది. కొక్కెంతో చైన్‌ని కొంచెం కదిపితే ఇంకో దండు లేస్తుంది.

పది నిమిషాలు ఉంచండి. మధ్యమధ్యలో కదపండి. కదిపినా బుడగ రాకపోతే లోపలంతా నిండిందన్నమాట.

చాలామంది ఇక్కడ తొందరపడతారు. బుడగలు ఆగగానే చైన్ బయటికి లాగేస్తారు. 90 డిగ్రీల మైనం నీళ్ళంత పలచగా ఉంటుంది, లాగగానే లోపలికి వెళ్ళిందంతా కారిపోతుంది. స్టవ్ ఆపి, చైన్‌ని అందులోనే ఉంచి, మైనం చల్లబడనివ్వండి. కాచిన పాల మీద మీగడ కట్టినట్టు అంచుల వెంబడి పలచటి పొర కట్టడం మొదలుపెడుతుంది. థర్మామీటర్ ఉంటే 65, 70 మధ్య చూపిస్తుంది. అప్పుడు తీయండి. చైన్ మీద దళసరిగా మైనం ఉండిపోతుంది.

పైకి ఎత్తి గిన్నె మీదే ఒక నిమిషం కారనిచ్చి, బాల్కనీలో మేకుకి వేలాడదీసి కింద పాత పేపర్ పరవండి. కొసలు రెండూ విడిగా వేలాడాలి, చుట్టగా వదిలేస్తే అలాగే గడ్డకట్టేస్తుంది. క్విక్ లింక్ ముక్కల్ని కూడా చిన్న తీగకి గుచ్చి ముంచండి.

విరవడం, వెయ్యడం

అరగంటకి చైన్ చెరుకుగడలా బిగుసుకుపోయి ఉంటుంది. కంగారుపడకండి. ఒక పీవీసీ పైపు ముక్క గానీ చీపురు కర్ర గానీ తీసుకుని, దాని మీదుగా చైన్‌ని అటూ ఇటూ లాగండి. ఒక్కొక్క లింకూ పుటుక్కుపుటుక్కుమంటూ విరిగి వదులవుతుంది. తర్వాత చైన్‌ని పక్కలకి కూడా కొంచెం వంచండి. తెల్లటి పొడి రాలుతుంది, పోనివ్వండి. లింకు లింకూ వేళ్ళతో పట్టి చూసుకుంటూ వెళ్ళడం మంచిది. ఒక్క లింకు బిగుసుకుని మిగిలినా మొదటి పది నిమిషాలు గేరు ఎగురుతుంది.

ఫోటో చూసుకుంటూ చైన్‌ని దారిలో ఎక్కించండి. షిమానో కంపెనీ చైన్ అయితే అక్షరాలున్న వైపు బయటికి. క్విక్ లింక్ రెండు సగాలూ కలిపి, అది పై వరసలోకి వచ్చేలా పెడల్ వెనక్కి తిప్పి, వెనక బ్రేకు పట్టుకుని పెడల్ మీద ఒక్కసారి బరువు వెయ్యండి. టక్‌మని కూర్చుంటుంది. క్లిప్పు రకం అయితే క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ పరుగెత్తే వైపు ఉండాలి.

మొదటి రెండు మూడు కిలోమీటర్లు గేర్లు కాస్త మొండికేస్తాయి, చైన్ కింద ఫ్రేము మీద ముగ్గు చల్లినట్టు పొడి పడుతుంది. ఇంటికొచ్చాక పొడిగుడ్డతో దులిపేస్తే సరి. ఇప్పుడు చైన్ మీద బొటనవేలు రుద్ది చూడండి. మహా అయితే కొంచెం బూడిదరంగు. పంట్లాం బతికిపోయింది.

మళ్ళీ ఎప్పుడు

ఎండగా ఉన్న రోజుల్లో 300 కిలోమీటర్లకి ఒకసారి చేసుకుంటే నిశ్చింత. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ పలకల కప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీదే తొక్కేవాళ్ళు లెక్క పెట్టుకోవడం సులువు, ట్రాక్ మొత్తం ఆరుసార్లు వెళ్ళొస్తే దాదాపు అంతే. లెక్క మరిచిపోయినా చైన్ చెప్తుంది. సన్నగా, పొడిపొడిగా ఒక లోహపు శబ్దం మొదలవుతుంది. అది వినపడ్డాక ఇంకో వంద కిలోమీటర్లు లాగుదామనుకోవద్దు. మైనం నూనెలా పక్కలకి పాకి ఖాళీని పూడ్చుకోదు, అరిగిపోయిన చోట అరిగిపోయినట్టే ఉంటుంది.

శుభవార్త ఏమిటంటే రెండోసారి నుంచి టర్పెంటైన్ లేదు. చైన్ విప్పి, ఒక పళ్ళెంలో పెట్టి మీద కళపెళా కాగిన నీళ్ళు రెండు మూడుసార్లు పొయ్యండి. పాత మైనం, దానితోపాటు దుమ్మూ తేలి వచ్చేస్తాయి. నీళ్ళని వెంటనే సింకులో పోయకండి, చల్లారాక పైన గట్టిపడిన మైనం తీసి చెత్తబుట్టలో వేసి అప్పుడు పారబొయ్యండి. లేకపోతే ప్లంబర్‌ని పిలవాలి. చైన్‌ని గుడ్డతో దులిపి, ఎండలో గానీ హెయిర్ డ్రయ్యర్‌తో గానీ చుక్క తడి లేకుండా ఆరబెట్టి మళ్ళీ ముంచండి. మొత్తం మీద అరగంట చేతిపని. మిగతా సమయమంతా మైనం చల్లారడానికే.

నా దగ్గర ఇప్పుడు రెండు చైన్లున్నాయి. ఒకటి సైకిల్ మీద, ఒకటి మైనం పట్టి డబ్బాలో. మొదటిది మోగగానే రెండోది వేసుకుంటాను. రెండూ ఒకేసారి ముంచుతాను కాబట్టి పొయ్యి వెలిగించేది సగంసార్లే.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పాటించాలి. దారిలో ఎవరైనా, 'అన్నా, చైన్ పొడిగా ఉంది, రెండు చుక్కలు వేస్తా ఆగు' అని నూనె డబ్బా ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టండి. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు కూడా ముందే చెప్పండి. నేను చెప్పడం మరిచిపోయాను. తెచ్చుకునేసరికి చైన్ నిగనిగలాడుతోంది, పాపం ఉచితంగా వేశారు. ఒక్క చుక్క లోపలికి వెళ్ళినా కడుగుడు మళ్ళీ మొదటి నుంచి.

వానాకాలం సంగతి

ఇక్కడ మైనాన్ని వెనకేసుకు రాను. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, రోడ్డు మీద నీళ్ళు నిలిచే రోజుల్లో, ఒక్క తడుపుకే మైనం పని సగం అయిపోతుంది. నూనె ఉన్న చైన్ తడిసి రాత్రంతా అలాగే ఉన్నా తట్టుకుంటుంది. మైనం చైన్ తెల్లారేసరికి లింకుల అంచుల్లో నారింజ రంగు తుప్పు చూపిస్తుంది. తడిసి ఇంటికొచ్చిన రోజు ఎంత అలసటగా ఉన్నా, గుడ్డతో చైన్ తుడిచి ఫ్యాన్ కింద పెట్టి పడుకోండి. మర్నాడు విప్పి మళ్ళీ ముంచండి. అది కుదరదు, వానలో రోజూ ఆఫీసుకి సైకిలే అనేవాళ్ళు ఆ మూడు నాలుగు నెలలూ నూనె వాడుకోవడమే తెలివైన పని. దసరా సెలవుల్లో కూర్చుని ఒకసారి శుభ్రంగా కడిగి తిరిగి మైనానికి రావచ్చు. నేనైతే వాన రోజుల్లో పాత ఒంటిగేరు సైకిల్ తీస్తాను.

గిన్నెలో మిగిలిన మైనాన్ని పారెయ్యక్కర్లేదు. అలాగే చల్లారనిచ్చి మూత పెట్టెయ్యండి. దుమ్ము బరువుకి అడుగున చేరుతుంది. నాలుగైదు ముంపుల తర్వాత గడ్డని గిన్నె నుంచి ఊడదీసి, అడుగున నల్లగా ఉన్న పొరని చాకుతో గీకి, తగ్గినంత కొత్త మైనం వేసుకోండి. మొత్తం బూడిదరంగుకి తిరిగాక మార్చెయ్యండి. ముంచినప్పుడల్లా మూత మీద మార్కర్‌తో ఒక గీత పెడితే లెక్క తప్పదు. నా మూత మీద గీతల పక్కన పెద్ద అక్షరాలతో 'పాలకి కాదు' అని కూడా ఉంది. అది అమ్మ రాసింది.